హార్డ్ డిస్క్ టక్ టక్ అంటుంటే ముందు స్విచ్ ఆపండి

హార్డ్ డిస్క్ లోంచి టక్... టక్... టక్ అని ఒకే గ్యాప్‌తో చప్పుడు వస్తుండగా ఇది చదువుతున్నట్టయితే, చదవడం తర్వాత, ముందు దాన్ని ఆపేయండి. షట్‌డౌన్ కాకుండా మొండికేస్తే పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, అదీ కాకపోతే ప్లగ్ పీకేయండి. విండోస్ పాడైపోతుందేమో అని ఆగొద్దు. విండోస్‌ది ఏముంది, మళ్ళీ కొట్టించుకోవచ్చు. లోపలున్న మీ ఫైళ్ళు మళ్ళీ రావు. ఆ చప్పుడు మొదలైన దగ్గర్నుంచి డిస్క్ తిరిగే ప్రతి నిమిషం మీ ఖాతాలోంచి పోతున్నట్టే లెక్క, ఎన్ని నిమిషాలు మిగిలున్నాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి, తర్వాత ఏం చేయాలో తేల్చుకునేదాకా అది ఆగి ఉండటమే మేలు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తెనాలిలో మా బాబాయ్‌కి డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, విజిటింగ్ కార్డులు, స్కూళ్ళ ప్రోగ్రెస్ రిపోర్టులు, పక్కనే జిరాక్స్ మెషీను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు కొట్టే పాతకాలం అను ఫాంట్లు, వాటి కోసమే ఇంకా విండోస్ 7. ముహూర్తాలు దగ్గర పడ్డాయి, నాలుగు శుభలేఖలు ప్రూఫ్ దశలో ఉన్నాయి, అప్పుడు ఫోన్ వచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్, సిస్టం ఆన్ అవ్వడానికే అరగంట పడుతోంది, లోపల ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. మన సిస్టం కుర్రాడొచ్చి ఓఎస్ కొట్టేస్తే సరిపోద్ది అంటున్నాడు. కొట్టించెయ్యనా?"

"వద్దు బాబాయ్. ఆ కుర్రాడికి టీ తాగించి పంపెయ్. నువ్వు మాత్రం ముందు ప్లగ్ పీకెయ్, నేనొచ్చేదాకా మళ్ళీ ఆన్ చెయ్యొద్దు."

సిస్టం కుర్రాడిని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పట్లేదు. కంప్యూటర్ స్లో అయితే పదిసార్లలో ఎనిమిది సార్లు ఓఎస్ కొట్టడమే, అంటే విండోస్ మళ్ళీ ఎక్కించడమే మందు, నేనూ అదే చేస్తాను. కానీ చప్పుడు విన్నాక ఆ మందు విషం. పాత డిస్క్ మీద కొత్త విండోస్ ఎక్కించడమంటే డేటా చదివి రాసే, కొన ఊపిరితో ఉన్న హెడ్ చేత కొన్ని గిగాబైట్లు రాయించడం, అదీ మన పాత ఫైళ్ళ ఆనవాళ్ళున్న చోటే.

ఇంతకీ ఆ టక్ ఏమిటి? డిస్క్ డబ్బా లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు ఉంటాయి, డెస్క్‌టాప్ డిస్క్ అయితే చాలావరకు నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి. లెక్క వేస్తే పళ్ళెం అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. దాని మీద హెడ్ తగలకుండా తేలుతూ ఉంటుంది, మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే, మన తల వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ ఎంతో ఊహించుకోండి. కరెంటు ఇవ్వగానే మోటారు పూర్తి వేగానికి వస్తుంది, పక్కన పార్కింగ్‌లో ఉన్న హెడ్లు పళ్ళెం మీదికి వస్తాయి, వచ్చీ రాగానే సర్వో గుర్తులు వెతుకుతాయి. సర్వో గుర్తులంటే ఫ్యాక్టరీలోనే రాసి పెట్టినవి, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళలాగా, ఏ ట్రాక్ మీద ఉన్నామో హెడ్‌కి తెలిసేది వాటితోనే. ఆ తర్వాత పళ్ళెం మీదే ఒక మూల దాచి ఉన్న డిస్క్ సొంత ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే లోపలి ప్రోగ్రాం, చదువుకుని, అప్పుడు గానీ "నేను ఫలానా మోడల్, ఇంత సైజు" అని కంప్యూటర్‌కి చెప్పదు. హెడ్ దెబ్బతిన్నా, పళ్ళెం గీరుకుపోయినా, ఆ గుర్తులు కనపడవు. ఎక్కడుందో తెలియక, హెడ్లను మోసే ఆర్మ్ ఆ చివరికీ ఈ చివరికీ ఊగి స్టాపర్‌కి తగులుతుంది, వెనక్కి వస్తుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది. మనకు వినపడే టక్ అదే. కొన్నిసార్లు ప్రయత్నించి విసుగొచ్చి మోటారు ఆపేసుకునే డిస్కులూ ఉన్నాయి. ఆ కొట్టుకోవడంలో హెడ్ గనక పళ్ళేన్ని గీరుతుంటే, రాలిన పొడి మిగతా హెడ్ల కింద పడుతుంది, అక్కడితో బాగున్నవి కూడా పోతాయి. అందుకే ఆపమనేది.

అన్ని చప్పుళ్ళూ ఒకటి కాదు. ఆపేటప్పుడు ఒక్కసారి టక్‌మంటే అది హెడ్లు పార్కింగ్‌లోకి వెళ్ళడం, మామూలే. పని చేస్తున్నప్పుడు ఏ లయా లేకుండా గరగరా కిటకిటా అనడం పాత డిస్కులకు అలవాటే. బీప్ లాగా సన్నగా కూ అంటూ, తిరగలేక తిరగలేక ఆగుతుంటే మోటారు పట్టేసిందనో, హెడ్లు పళ్ళేనికి అతుక్కుపోయాయనో అర్థం, ల్యాప్‌టాప్ సైజు చిన్న డిస్కులు కిందపడితే ఎక్కువగా వచ్చేది ఇదే. ఇనుము మీద ఇనుము రాసినట్టు గీరుడు వినపడితే మాత్రం ఇక ఇంట్లో చేసేదేమీ లేదు, అక్కడే ఆపి డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వాలి. అసలు ఏ చప్పుడూ లేదు, తిరగడమే లేదు అంటే ఒక రకంగా అది శుభవార్త కావచ్చు, ఎందుకంటే చాలాసార్లు పోయింది లోపల కాదు, కింద ఉన్న బోర్డు. ఇళ్ళలో జరిగేది చూస్తుంటాను: ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి 12 వోల్టుల అడాప్టర్ పెట్టాల్సిన చోట ల్యాప్‌టాప్‌ది 19 వోల్టులది పెట్టేస్తారు, పిన్ను సరిగ్గా పడుతుంది మరి. బోర్డు మీద టీవీఎస్ డయోడ్ అని చిన్నది ఒకటి ఉంటుంది, ఆ ఎక్కువ వోల్టేజీని తాను మింగి షార్ట్ అయిపోతుంది, డిస్క్ చచ్చినట్టు కనపడుతుంది, పళ్ళేల మీద డేటా మాత్రం చెక్కు చెదరదు.

ఇక టక్ అన్న ప్రతిసారీ హెడ్ పోయిందని కూడా అనుకోకండి. ముందు అనుమానించాల్సింది కరెంటును. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల దాకా, 3.0 అయితే 900 దాకా ఇస్తుందని ప్రమాణం, కానీ డిస్క్ మోటారు మొదట లేచేటప్పుడు అడిగేది అంతకు దగ్గర్లోనో, కాస్త పైనో ఉంటుంది. క్యాబినెట్ ముందు వైపు పోర్టులు, అవి చాలక దానికో పొడవాటి కేబులు, మధ్యలో ఒక చవక హబ్బు, ఇవన్నీ దాటేసరికి డిస్క్‌కి అందేది చాలదు. మోటారు లేస్తుంది, హెడ్లు బయటికొస్తాయి, వోల్టేజీ పడిపోతుంది, హెడ్లు లోపలికి పోతాయి, టక్. మళ్ళీ లేస్తుంది. వెనక వైపు పోర్టుకి పొట్టి కేబులుతో పెడితే అదే డిస్క్ కిక్కురుమనకుండా పని చేసిన సందర్భాలు ఎన్నో. డెస్క్‌టాప్ అయితే ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా. మోటారుకి 12 వోల్టులు, బోర్డుకి 5 వోల్టులు కావాలి, ఎండాకాలం వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ, ఇన్వర్టర్ మీదికి మారుతూ, మళ్ళీ మారుతూ ఏళ్ళ తరబడి నలిగిన ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి. బాబాయ్ షాపులోదీ అదే బాపతు. పైగా డిస్క్‌కి పవర్ నేరుగా రావట్లేదు, పాత మోలెక్స్ పిన్ను నుంచి సాటా పిన్నుకి మార్చే కన్వర్టర్ ముక్క ఒకటి మధ్యలో ఉంది. దాన్ని వేలితో కదిపితే చప్పుడు మారింది. ఆశ పుట్టింది.

డిస్క్ ఊడదీసి, నేను తెచ్చుకున్న వేరే మెషీనుకి, మంచి ఎస్‌ఎంపీఎస్, కొత్త సాటా కేబులు పెట్టి ఒక్కసారి ఆన్ చేశాను. చప్పుడు చాలా తగ్గింది. పోలేదు. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో, మోడల్ పేరు, సైజు సరిగ్గా కనపడ్డాయి. ఇది ముఖ్యం, ఎందుకంటే పేరు, సైజు చెప్పగలిగిందంటే సర్వో గుర్తులు దొరుకుతున్నాయి, సొంత ఫర్మ్‌వేర్ చదువుకోగలిగింది, అంటే హెడ్లన్నీ చచ్చిపోలేదు. పేరు తప్పుగానో, సైజు సున్నా అనో చూపిస్తే అక్కడే ఆపేసేవాడిని.

ఈ దశలో జనం చేసే పనులు కొన్ని ఉన్నాయి, వాటి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. డిస్క్ తప్పులు సరిచేయడానికి విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ నడపొద్దు. అది ఉన్నది డేటాను కాపాడటానికి కాదు, ఫైల్ సిస్టంను, అంటే ఫైళ్ళను సర్దిపెట్టే ఏర్పాటును, తిన్నగా నిలబెట్టడానికి, చదవలేని ఫోల్డరు కనపడితే దాని ఎంట్రీని కోసి పారేయడానికి వెనకాడదు. "ఈ డ్రైవ్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ కొట్టండి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న చిట్కా ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఎప్పుడో పాత డిస్కుల కాలంలో ఒకరిద్దరికి కలిసొచ్చి ఉండొచ్చు గానీ, మన ఉక్కపోతలో ఫ్రీజర్‌లోంచి తీసిన వస్తువు మీద రెండు నిమిషాల్లో చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ నానోమీటర్ల ఖాళీలోకి వెళ్తే ఇక చెప్పేదేముంది. కొట్టడం, తట్టడం, వద్దు. స్క్రూలు విప్పి మూత తీసి చూడటం అసలే వద్దు, యూట్యూబ్‌లో మూత తీసి వేలితో హెడ్ జరిపేవాళ్ళు ఆ తర్వాత డిస్క్ ఏమైందో చూపించరు. ఇక బోర్డు మార్చడం: అదే మోడల్‌ది ఇంకో డిస్క్ కొని బోర్డు తగిలిస్తే సరిపోతుందనేది పాత మాట. ఇప్పటి డిస్కుల్లో ఆ డిస్క్ హెడ్లకు మాత్రమే సరిపోయే లెక్కలు బోర్డు మీది రోమ్ చిప్‌లో, అంటే కరెంటు పోయినా రాసింది పోని చిన్న చిప్‌లో, రాసి ఉంటాయి, ఆ ఎనిమిది కాళ్ళ చిప్పును కూడా ఊడదీసి కొత్త బోర్డు మీద అతికిస్తే తప్ప లాభం లేదు. పైగా టక్ టక్ అనే డిస్క్‌కి ఎక్కువసార్లు జబ్బు బోర్డులో ఉండదు.

స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడొచ్చు, విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, విండోస్‌కి బదులు వాడే ఉచిత ఓఎస్ లైనక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాంతో. చూసినా ఒక్కసారి చూసి వదిలేయండి. 5వ నంబరు ఇప్పటిదాకా పక్కన పెట్టేసిన సెక్టార్ల (డేటా రాసే చిన్న చిన్న గళ్ళ) లెక్క, 197 చదవలేక తేల్చకుండా ఉంచిన సెక్టార్లది, 198 సరిచేయలేనివి. 199 పెరుగుతుంటే మాత్రం డిస్క్‌ని కాదు, కేబుల్‌ని అనుమానించాలి. బాబాయ్ డిస్క్‌లో 197 వందల్లో ఉంది. స్మార్ట్‌సీటీఎల్‌లో పైన మాత్రం స్టేటస్ పాస్ అని. ఆ పాస్‌ను నమ్మి మోసపోయినవాళ్ళు చాలామంది. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు, పోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటికి గట్టి సూచనలనుకున్న నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఒక్కటీ కదల్లేదని తేలింది. అయితే అదే అధ్యయనంలో ఇంకోటి కూడా ఉంది: స్కానింగ్‌లో మొదటి ఎర్రర్ కనపడిన డిస్క్, ఎర్రర్ లేనివాటితో పోలిస్తే, తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. అంటే స్మార్ట్ బాగుందంటే నమ్మక్కర్లేదు, బాగాలేదంటే మాత్రం నమ్మాలి.

అప్పుడు బాబాయ్‌ని కూర్చోబెట్టి ఒకటే అడిగాను. "ఇందులో నీకు తప్పనిసరిగా కావాల్సిందేంటి?"

"అన్నీ కావాల్రా."

"అన్నీ అంటే కుదరదు బాబాయ్. ఇంట్లో ఫొటోలున్నాయా?"

"ఫొటోలు మీ పిన్ని ఫోన్లో ఉన్నాయి. దీంట్లో ఉన్నది జాబ్ వర్కే. పాత శుభలేఖల మ్యాటరు ఉంటే పేర్లు మార్చి పని కానిచ్చేస్తాం, లేకపోతే మొత్తం మళ్ళీ కొట్టుకోవాలి."

ఈ ప్రశ్నకు జవాబును బట్టే ల్యాబా, మన చేతులా అన్నది తేలుతుంది. పోయిన మనిషి గొంతు, పిల్లల చిన్నప్పటి వీడియోలు, కోర్టు కాగితాలు అయితే నేను డిస్క్‌ని ముట్టుకోను, నేరుగా ల్యాబ్‌కే. మనం ప్రయత్నించి చెడగొట్టాక వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే వాళ్ళ పనీ కష్టం, మన బిల్లూ పెరుగుతుంది. బాబాయ్ విషయంలో పోతే నష్టమే గానీ కొంపలు మునగవు, డిస్క్ ఇంకా చదువుతోంది, ల్యాబ్ ఖర్చు పెట్టే ఉద్దేశం ఆయనకు లేదు. సరే, మనమే.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. డిస్క్ తెరుచుకోగానే ముఖ్యమైన ఫోల్డరు పట్టుకుని కాపీ పేస్ట్ చేయాలనిపిస్తుంది. విండోస్ చదవలేని సెక్టారు దగ్గరికి రాగానే అక్కడే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, ఆ పచ్చ గీత కదలదు, డిస్క్ టక్ టక్ అంటూనే ఉంటుంది, మనం ఆశగా చూస్తూ కూర్చుంటాం. మిగిలిన ఊపిరంతా ఆ ఒక్క ఫైలు మీదే అయిపోతుంది. అలా కాకుండా ముందు తేలిగ్గా వచ్చేదంతా లాగేసి, మొరాయించే చోటు చివరికి వదిలిపెట్టే పద్ధతి కావాలి. అందుకు ఉన్నది డీడీరెస్క్యూ. జీఎన్‌యూ వాళ్ళది, ఉచితం, లైనక్స్‌లో నడుస్తుంది. ఫైళ్ళు, ఫోల్డర్లు అని చూడదు, సెక్టార్లు సెక్టార్లుగా డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్ మీదికి ఎక్కిస్తుంది. ఎక్కడిదాకా వచ్చింది, ఏ ముక్క రాలేదు అన్నది మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి, డిస్క్‌ని చల్లారనిచ్చి, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఉబుంటు అనే లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి మెషీను బూట్ చేశాను. విండోస్‌కి ఈ డిస్క్‌ని మళ్ళీ చూపించనే లేదు, చూపిస్తే తనకు తానే చెక్‌డిస్క్ మొదలుపెట్టే రకం అది. ఉబుంటులో కూడా డిస్క్‌ని మౌంట్ చేయలేదు, అంటే ఫైళ్ళు చూడటానికి తెరవలేదు. మ్యాప్ ఫైల్‌ని వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, లైవ్ సెషన్‌లో, అంటే కంప్యూటర్ మెమరీలోనే, వదిలేస్తే కరెంటు పోయిన క్షణం అదీ పోతుంది, తెనాలి ఎండాకాలంలో కరెంటు మీద నమ్మకం పెట్టుకోవడం మన అమాయకత్వం. డీడీరెస్క్యూ కమాండ్‌లో ముందు రాసేది పాత డిస్క్, తర్వాత రాసేది కొత్త డిస్క్, ఈ రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి అసలు డిస్క్ మీద పడుతుంది. అందుకని స్క్రీన్ మీద చూపిస్తున్న సీరియల్ నంబరు, డిస్క్ స్టిక్కరు మీదున్న సీరియల్ నంబరు బాబాయ్ చేత పైకి చదివించి ఒక్కో అంకె సరిచూసుకున్నాకే ఎంటర్ కొట్టాను. మొదటి రౌండు మైనస్ ఎన్ అనే స్విచ్‌తో, అంటే చెడ్డచోట గోకుతూ కూర్చోకుండా దాటిపో అని. డిస్క్‌ని టేబుల్ మీద చదునుగా పడుకోబెట్టి, పక్కన టేబుల్ ఫ్యాను.

మొదట్లో సెకనుకి 100 ఎంబీ దాకా లాగింది. ఆ లెక్కన ఒక టెరాబైటు మూడు గంటల్లోపు అయిపోవాలి. కాసేపటికి ఉన్నట్టుండి కిలోబైట్లలోకి పడిపోయింది, రెండు మూడు టక్కులు, ఎర్రర్ల లెక్క ఎగబాకింది, దూకి ముందుకెళ్ళింది, మళ్ళీ 100. కొంచెం సేపయ్యాక మళ్ళీ అదే తంతు. కాసేపు చూస్తే ఇందులో ఒక లయ కనపడింది: కొంత దూరం శుభ్రంగా, కొంత దూరం నరకంగా, మళ్ళీ శుభ్రంగా. రెండు పళ్ళేలు, నాలుగు హెడ్లున్న డిస్క్ అది. డేటాను కొంత మేర ఒక హెడ్ కింద, తర్వాతి కొంత ఇంకో హెడ్ కింద అలా వంతులవారీగా రాస్తారు. మూడు హెడ్లు బాగున్నాయి, ఒకటి పోతోంది. చెడ్డ వంతు ఎప్పుడూ దానిదే. అది అర్థమయ్యాక టెన్షన్ సగం తగ్గింది, ఎందుకంటే ఇప్పుడు చేయాల్సిందేమిటో తెలుసు. బాగున్న మూడింటి సరుకు ముందు బయటికి తెచ్చుకోవాలి, నాలుగోదాన్ని అప్పటిదాకా వీలైనంత తక్కువ కదిలించాలి. నెమ్మదించగానే ఎక్కువ దూరం దూకేలా స్కిప్ సైజు పెంచాను. అలా మొదటి రౌండు అయ్యేసరికి దాదాపు ముప్పాతిక వంతు వచ్చేసింది. అక్కడ ఆపి డిస్క్‌ని ఆ రాత్రికి వదిలేశాను.

మర్నాడు పొద్దున మిగిలిన పావు వంతు. ఇక్కడే డీటీపీ షాపుకే ప్రత్యేకమైన తిరకాసు ఒకటుంది. ఇంకొకరైతే ఫొటోరెక్ లాంటిది నడిపి దొరికినన్ని ఫైళ్ళు ఏరుకోమంటారు, అది ఫైలు మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి ముక్కలు ఏరుతుంది, కానీ పేర్లు రావు, ఫోల్డర్లు రావు, అన్నీ నంబర్లే. ఫొటోలైతే తెరిచి చూసి ఇది ఫలానా పెళ్ళిది అని చెప్పొచ్చు. అను ఫాంట్లతో కొట్టిన పేజ్‌మేకర్ ఫైళ్ళను ఏం చేస్తాం? అది ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగు కాదు, లోపలున్న తెలుగు కంప్యూటర్‌కి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలే, "వేంకటేశ్వరరావు" అని సర్చ్ కొట్టినా దొరకదు. వేల ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. బాబాయ్ ఆపరేటర్ అమ్మాయి మాత్రం ఎప్పుడూ ఇంటిపేరు, ఊరు, నెల పెట్టి ఫైల్ సేవ్ చేస్తుంది, మంచి అలవాటు. అంటే ఆయనకు ఫైలు ఎంత ముఖ్యమో ఫైలు పేరూ అంతే ముఖ్యం.

విండోస్ వాడే ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేర్లు, తారీఖులు, ఏ ఫైలు ఎక్కడుందన్న చిట్టా అంతా ఎంఎఫ్‌టీ అనే టేబుల్‌లో ఉంటుంది, ఒక్కో ఫైలుకి ఒక కిలోబైటు రికార్డు. మామూలుగా అది పార్టిషన్ మొదలు నుంచి 3 జీబీ దూరంలో మొదలవుతుంది. కాబట్టి రెండో రౌండులో మొత్తం చెడ్డ వంతు మీద పడకుండా, ఆ చిట్టా ఉన్న చోట రాని ముక్కల్ని ముందు లాగమని చెప్పాను. వచ్చాయి, కొన్ని తప్ప. ఆ తర్వాత చిట్టాతో పాటు డిస్క్‌లో ఏయే భాగం వాడుకలో ఉందో చెప్పే బిట్‌మ్యాప్ ఉంటుంది, దాన్ని బట్టి ఖాళీ జాగా చదవడం మానిపించాను. డీడీఆర్ యుటిలిటీ అని ఒకటుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ బిట్‌మ్యాప్ చదివి డీడీరెస్క్యూకి అర్థమయ్యే మ్యాప్ తయారుచేసి ఇస్తుంది. టెరాబైటు డిస్క్‌లో బాబాయ్ వాడింది మూడో వంతు కూడా లేదు, ఎందుకు ఉత్తి జాగా కోసం చచ్చే హెడ్‌ని కొట్టుకోనివ్వడం? ఎదురు దిశలో, అంటే చివర నుంచి మొదటికి కూడా ఒకసారి నడిపాను, కొన్నిచోట్ల ముందు నుంచి రానిది వెనక నుంచి వస్తుంది.

మధ్యాహ్నానికి టక్కులు దగ్గర దగ్గరగా పడ్డాయి, సాయంత్రం ఇక పేరు కూడా చెప్పడం మానేసింది. అయిపోయింది.

కొత్త డిస్క్‌ని చదవడానికి మాత్రమే వీలుగా తెరిచి చూశాం. ఫోల్డర్లన్నీ పేర్లతో సహా ఉన్నాయి. ఫైళ్ళ జాబితా కనపడగానే అన్నీ వచ్చాయనుకుని సంబరపడకండి, పేరు కనపడుతుంది, తెరిస్తే లోపల సగం సున్నాలుంటాయి. మ్యాప్‌లోని చెడ్డ చోట్లను ఫైళ్ళతో పోల్చి చూసే పనిముట్టు కూడా అదే యుటిలిటీలో ఉంది, అది నడిపితే దెబ్బతిన్న ఫైళ్ళ జాబితా చేతికొస్తుంది. పేజ్‌మేకర్ ఫైళ్ళు చిన్నవి కావడం కలిసొచ్చింది, చెడ్డ వంతులో పడినవి తప్ప మిగతావి నిక్షేపంగా ఉన్నాయి. పెద్ద పెద్ద ఫ్లెక్సీ ఫొటోషాప్ ఫైళ్ళకు మాత్రం ఒక్కోదానికి ఎక్కడో ఒకచోట చిల్లు పడింది, వాటిలో చాలా భాగం పోయినట్టే. "ఫ్లెక్సీలు పోతే పోయాయిలే, పుట్టినరోజు అయిపోయాక వాటి మొహం చూసేదెవరు" అన్నాడు బాబాయ్. ప్రూఫ్ దశలో ఉన్న నాలుగు శుభలేఖల్లో మూడు దొరికాయి. నాలుగోది మళ్ళీ కొట్టారు.

ల్యాబ్ సంగతి. మన దగ్గర కంప్యూటర్ మార్కెట్ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, చెనాయ్ ట్రేడ్ సెంటర్. డేటా రికవరీ బోర్డు ప్రతి ఊళ్ళోనూ కనపడుతుంది, వాటిలో చాలామంది చేసేది సాఫ్ట్‌వేర్ రికవరీయే, అది తప్పు కాదు, పొరపాటున డిలీట్ అయినవాటికి సరిపోతుంది. టక్ టక్ అనే డిస్క్‌కి కావాల్సింది హెడ్లు మార్చడం, దానికి అదే మోడల్, అదే రకం డోనర్ డిస్క్ (హెడ్లు తీసుకోవడానికి) ఒకటి, దుమ్ము లేని క్లీన్ రూమ్ లేదా కనీసం శుద్ధి చేసిన గాలి వీచే బెంచి, డిస్క్ ఫర్మ్‌వేర్‌తో మాట్లాడగల ఖరీదైన హార్డ్‌వేర్ ఉండాలి. అందుకే బిల్లు వేలల్లో మొదలై పదుల వేలల్లోకి పోతుంది. ఇచ్చే ముందు అడగండి: చూసినందుకు ఎంత, డేటా రాకపోతే ఎంత, వచ్చాక ఫైళ్ళ జాబితా చూపించి డబ్బు అడుగుతారా, ముందేనా. కౌంటర్ మీదే స్క్రూడ్రైవర్ తీసి "ఒకసారి ఓపెన్ చేసి చూద్దాం సార్" అంటే డిస్క్ లాక్కుని బయటికి నడవండి, మొహమాటం అక్కర్లేదు. డిస్క్ అంతకు ముందు ఎవరైనా తెరిచారా, కింద పడిందా అని వాళ్ళు అడిగితే నిజం చెప్పండి, డాక్టరు దగ్గర దాచినట్టు దాచొద్దు. ఇంకోటి, ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో కొన్నింటికి యూఎస్‌బీ సాకెట్టు బోర్డుకే అతికించి ఉంటుంది, పైగా బోర్డు మీది చిప్పే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాను తప్ప ఎవరూ చదవలేని గజిబిజిగా మార్చి, రాస్తుంది, పాస్‌వర్డ్ మీరు పెట్టకపోయినా సరే. అలాంటివి విప్పి వేరే కేసులో పెడితే చెత్త కనపడుతుంది. బోర్డు సహా ఇవ్వాలి, ఆ పాత బోర్డును పారేయకూడదు.

ఈ టక్ టక్ మన ఇంట్లో కొత్తగా పుట్టిన జబ్బేం కాదు. 1990ల చివర్లో ఐయోమెగా కంపెనీ జిప్ డ్రైవులు (తీసి పెట్టుకునే డిస్కులవి) ఇలాగే కొట్టుకుని చావడం వల్లే దానికి చావు క్లిక్కు అన్న పేరొచ్చింది, 1998లో కంపెనీ మీద అమెరికాలో దావా కూడా పడింది. తర్వాత ఐబీఎం హార్డ్ డిస్క్ డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ వంతు, జనం దానికి డెత్‌స్టార్ అని పేరు పెట్టి, కోర్టుకెళ్ళారు. అంటే ఏ కంపెనీ కొంటే బాగుంటుంది అని నన్ను అడగొద్దని చెప్పడానికి ఇది. ఎస్‌ఎస్‌డీ కొంటే ఈ గొడవ ఉండదా అంటే, చప్పుడు ఉండదు. పోయేటప్పుడు చాలాసార్లు ఏ సూచనా ఇవ్వకుండా ఒక పొద్దున కనపడటం మానేస్తుంది, రికవరీ ఇంకా కష్టం. బాబాయ్‌కి పనికి ఎస్‌ఎస్‌డీ పెట్టాను, పక్కన ఒక మామూలు డిస్క్, రోజూ షాపు కట్టేటప్పుడు జాబ్ ఫోల్డరు దాని మీదికి కాపీ అవుతుంది, నెలకోసారి ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టే ఎక్స్‌టర్నల్ ఒకటి. పేజ్‌మేకర్ ఫైళ్ళన్నీ కలిపినా ఎంతని, ఈ ఏడాదివి గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే పట్టేశాయి.

పాత డిస్క్‌ వారంటీలో ఉంటే మార్చి ఇస్తారు కదా అని బాబాయ్ అడిగాడు. వారంటీ డిస్క్‌కే, డేటాకి కాదు, ఆ పాత డిస్క్‌ని వాళ్ళకు ఇచ్చేయాలి. జిరాక్స్ షాపు డిస్క్ అంటే అందులో ఊళ్ళోవాళ్ళ ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, పొలం పట్టాల స్కాన్లు ఉంటాయి, చచ్చిన డిస్క్‌ని ఫార్మాట్ కొట్టి తుడవడమూ కుదరదు. దాని వారంటీ ఎలాగూ అయిపోయింది, ఉన్నా నేను ఇవ్వనిచ్చేవాడిని కాదు. పని పూర్తిగా అయ్యాక, ఇక దీంట్లోంచి కావాల్సిందేమీ లేదని బాబాయ్ రెండుసార్లు అన్నాక, అప్పుడు మూత తీశాం. పై పళ్ళెం మీద గోరుతో గీసినట్టు సన్నటి గుండ్రటి గీత ఒకటి కనపడింది. పళ్ళేలు రెండింటికీ డ్రిల్లుతో చిల్లులు కొట్టించి ఇనప సామాన్లవాడికి వేశాం. పెద్ద డిస్కుల పళ్ళేలు చాలావరకు అల్యూమినియంవి కాబట్టి డ్రిల్ దిగుతుంది, ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావాటివి గాజువి, వాటిని గుడ్డలో చుట్టకుండా కొట్టారంటే ముక్కలు కళ్ళలోకి ఎగురుతాయి, జాగ్రత్త.